గోటిక్రింది బాధ

కంటికి కానరాని బాధను లోకము సులభముగా నమ్మదు. వ్రేలి గోటిక్రింద పుట్టు నొక చిన్న గడ్డ చరిత్రమే యిందుకు సాక్ష్యము.

1812వ సంవత్సరమున ఎడింబరో శస్త్రవైద్యుడు విలియం వుడ్ చర్మముక్రింది బాధాకరములైన చిన్న గడ్డలను గూర్చి వ్రాసెను. గడ్డ కొలది మిల్లీమీటర్లే. బాధ మాత్రము దుర్భరము. చన్నీరు సోకినను, గోరు దేనికైన తాకినను ప్రాణము పోవునట్లుండును. కారణము నూఱేండ్లకు పైగా తెలియలేదు.

1924లో స్ట్రాస్‌బర్గు నగర పండితుడు పియేర్ మాసన్ సూక్ష్మదర్శినితో పరీక్షించి యా మర్మమును విప్పెను. వ్రేళ్లకొనలయందు ధమనులను సిరలతో సూటిగా కలుపు సన్నని నాళములు గలవు. వానికి గ్లోమస్ అని పేరు. శీతోష్ణముల ననుసరించి రక్తప్రవాహమును హెచ్చించి తగ్గించుట వాని పని. అందలి కణములు మితిమీఱి పెరిగిన నీ గడ్డ యగును. దానియందు నాడీతంతువులు గలవు. పైన గోరు, క్రింద నెముక యుండుటచే నొత్తిడికి తప్పించుకొను చోటు లేదు.

1944లో అమెరికా వైద్యుడు లవ్ గుండుసూది తలతో నొక్కి బాధాస్థానమును గుర్తించు పరీక్షను తెలిపెను. ఇది సామాన్యముగా ప్రాణాపాయకరము కాదు. గడ్డను పూర్తిగా తీసివేసిన బాధ తఱచు సమసిపోవును.

గోటిక్రింది యీ గడ్డ స్త్రీలయం దధికము. కావున చన్నీట చేయి పెట్టలేనను కోడలిని సోమరి యనకుడు, వైద్యునకు చూపింపుడు.