కంపెనీ తెరిచి ఉంచిన తలుపు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఊళ్ళలో భారతం పెట్టారంటే చాలాచోట్ల పద్దెనిమిది రోజుల సందడి. పగలు హరికథ, రాత్రి నాటకం. ఒక్క పూట కథ రికార్డు చేసినా గంటల తరబడి సాగే ఫైలు అవుతుంది. దాన్ని జేబులో ప్లేయర్‌లో వింటూ మధ్యలో ఆపితే, మళ్ళీ మొదటి ప్రార్థన దగ్గరికే తీసుకుపోయే పాత ప్లేయర్లు కొన్ని ఉండేవి. ఆపిన చోటు గుర్తుంచుకోవడం ప్లేయర్ లోపలి ఫర్మ్‌వేర్ చేయాల్సిన పని. ప్లేయర్‌ను నడిపించే ఈ ప్రోగ్రామ్ కంపెనీ రాసినది, మార్చాలన్నా కంపెనీయే మార్చాలి. కొన్నవాళ్ళు సర్దుకుపోయారు. స్వీడన్‌లో ముగ్గురు మాత్రం సర్దుకోలేదు.

ఫ్రెంచి కంపెనీ ఆర్కోస్ 2000లో జూక్‌బాక్స్ 6000 అనే ప్లేయర్ తెచ్చింది. లోపల 6 గిగాబైట్ల హార్డ్‌డిస్క్, చూడటానికి మొరటు డబ్బా. వస్తువు బాగానే ఉంది కానీ దాన్ని నడిపించే ఫర్మ్‌వేర్ ఆ ముగ్గురికీ నచ్చలేదు. 2001 డిసెంబరులో బ్యోర్న్ స్టెన్‌బెర్గ్ దానికి బదులు కొత్త ఫర్మ్‌వేర్ రాయాలని పని మొదలుపెట్టాడు. సోదరుడు డేనియల్, మిత్రుడు లినుస్ నీల్సన్ ఫెల్ట్‌సింగ్ తోడయ్యారు. ఇంటర్నెట్ నుంచి ఫైళ్ళు తెచ్చే 'కర్ల్' సాఫ్ట్‌వేర్ రాసింది ఈ డేనియలే. మనకు తెలియకుండానే మన ఫోన్లలో అది ఇవాళ్టికీ పనిచేస్తోంది.

వాళ్ళకు దారి చూపింది ఆర్కోస్ పెట్టుకున్న పద్ధతే. ప్లేయర్ ఆన్ చేయగానే హార్డ్‌డిస్క్‌లో ఫలానా పేరుతో ఫైలుందా అని వెతుకుతుంది. ఉంటే దాన్ని మెమరీలోకి ఎక్కించుకుని, ఆపైన దాని మాటే వింటుంది. కంపెనీ తన అప్‌డేట్ల కోసం చేసుకున్న ఏర్పాటు ఇది. ఫైలును కాస్త గజిబిజి చేసి పెట్టారు గానీ దాన్ని విప్పడం అసాధ్యమేమీ కాలేదు. ఇక అదే పేరుతో తమ ఫైలు పెడితే చాలు. చిప్‌లో ఉన్న అసలు ఫర్మ్‌వేర్ చెక్కుచెదరదు. నచ్చకపోతే ఫైలు తీసేయొచ్చు, ప్లేయర్ యథాతథం. తొలి ప్రయోగాలకు ఇంతకంటే నిర్భయమైన చోటు దొరకదు.

లోపలి ప్రాసెసర్ హిటాచీ వాళ్ళది, వేగం 12 మెగాహెర్ట్జ్. మెమరీ 2 మెగాబైట్లు. ఎంపీ3ని విప్పడం దాని వల్ల కాదు, అందుకు వేరే చిప్ ఉంది. ప్రాసెసర్ చేయాల్సిందల్లా డిస్క్ నుంచి పాటను ముందే మెమరీలోకి తోడుకుని, ఆ చిప్‌కు అందిస్తూ ఉండటం. ఒకసారి తోడుకున్నాక డిస్క్ తిరగడం ఆపేస్తే బ్యాటరీ మిగులుతుంది. 2002 జూన్‌లో తొలి విడుదల వచ్చింది. పేరు రాక్‌బాక్స్. సోర్స్ కోడ్ అందరికీ తెరిచిపెట్టారు. దాంతో ఎవరికి ఏది లోటనిపిస్తే వాళ్ళు అది రాసి చేర్చారు. ఆపిన చోట గుర్తు పెట్టే బుక్‌మార్క్ కూడా వచ్చింది.

తర్వాత రాక్‌బాక్స్ వేరే కంపెనీల ప్లేయర్లకూ పాకింది. వాటిలో ఐరివర్ హెచ్120 వంటి వాటిలో ప్రాసెసరే పాటను విప్పగలదు. అక్కడి నుంచి ఎంపీ3 ఒక్కటే కాదు, ఫ్లాక్, ఓగ్ వంటి ఫార్మాట్లూ పలికాయి.

ఐపాడ్ మాత్రం కొరకరాని కొయ్య. నాలుగో తరం ఐపాడ్‌లో లినక్స్ నడపాలనుకున్న వాళ్ళకు, ఆన్ చేయగానే మొదట నడిచే దాని బూట్‌లోడర్ చేతికి చిక్కలేదు. నీల్స్ ష్నైడర్ అనే జర్మన్ కుర్రాడికి విచిత్రమైన ఉపాయం తట్టింది. ఐపాడ్‌లో మీటల చప్పుడు కోసం ఓ బుల్లి స్పీకర్ ఉంటుంది. లోపలి కోడ్‌ను ఒక్కో బిట్టుగా ఆ స్పీకర్‌తో టిక్కుటిక్కుమనిపించి, బయటి శబ్దం చొరబడని పెట్టెలో పెట్టి రికార్డు చేశాడు. ఆ టిక్కుల నుంచి మళ్ళీ కోడ్ రాబట్టాడు. ఇది వింటే ఓ పాత సంగతి గుర్తొస్తుంది. 1919లో మదనపల్లె బిసెంట్ థియొసాఫికల్ కాలేజీలో రవీంద్రుడు జనగణమన పాడగా మార్గరెట్ కజిన్స్ ఆ బాణీని స్వరాల్లో రాసిపెట్టింది. అక్కడ పాట రాతయింది. ఇక్కడ రాత చప్పుడై, ఆ చప్పుడు మళ్ళీ రాతయింది. ఇలా ఐపాడ్ లినక్స్ వాళ్ళు తవ్వి తీసిన వివరాలు రాక్‌బాక్స్‌కూ అక్కరకొచ్చాయి.

నన్నడిగితే వీటన్నిటికంటే గొప్పది మెనూలకు గొంతు పెట్టడం. చూపు లేనివాళ్ళు ఎవరి సాయం లేకుండా పాట ఎంచుకోగలిగారు. ఫోల్డర్ పేరు పలికేందుకు రికార్డు చేసిన క్లిప్‌నూ పెట్టుకోవచ్చు. 'దుర్యోధన వధ' అని తెలుగులోనే పలికించుకోవచ్చన్నమాట. ఇంత అవసరమైన సంగతి పెద్ద కంపెనీలకు ముందు తట్టకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

2025లో రాక్‌బాక్స్ 4.0 వచ్చింది. కథ మొదలైన ఆ ఆర్కోస్ డబ్బాలకు మాత్రం అందులో చోటు లేదు.

మీ బీరువాలో పాత శాన్సా ప్లేయర్ ఏదైనా ఉంటే పారేయకండి. రాక్‌బాక్స్ ఎక్కించే ముందు మోడల్‌తోపాటు వెర్షన్ కూడా చూసుకోండి. శాన్సా ఇ200 అని ఒకే పేరుతో వచ్చిన రెండు వెర్షన్లలో లోపలి చిప్‌లు వేరు, ఒకదాని ఫైలు ఇంకోదానికి పనికిరాదు. బ్యాటరీ నిండా ఛార్జ్ చేయండి. పాటలు ముందే కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. పని పూర్తయ్యేదాకా కేబుల్ మాత్రం పీకొద్దు.