పాసు లేకుండా సముద్రం దాకా

కొన్నేళ్ళ క్రితం ఒక ప్రాజెక్టు పని మీద ఆరు వారాలు మారిషస్ లో ఉండాల్సొచ్చింది. మారిషస్ అనగానే మీకేం గుర్తొస్తుందో నాకు తెలుసు. హనీమూన్ ప్యాకేజీలు, సినిమా పాటలు. నేను మొదటి నాలుగు వారాలు చూసింది మాత్రం ఎబెన్ సైబర్ సిటీలో ఒక గాజు భవనం, అందులో కిటికీ లేని ఒక మీటింగు రూము. ఐదో వారానికి ప్రాణం విసిగిపోయి, "ఈ ఆదివారం ఏమైనా సరే సముద్రం చూడాల్సిందే" అని ఒక చిన్న జపాను కారు అద్దెకు తీసుకున్నాను.

కారు తీసుకోవడం ఎంత తేలికంటే, ఇండియా లైసెన్సు ఇచ్చాను, అతను ఫొటోకాపీ తీసుకున్నాడు, రెండు సంతకాలు పెట్టించుకున్నాడు, తాళాలు చేతిలో పెట్టాడు. పది నిమిషాల పని. మనలాగే ఎడమవైపు నడుపుతారు కాబట్టి అదీ ఇబ్బంది లేదు. వింతేమిటంటే ట్రాఫిక్కు ఇంగ్లీషు పద్ధతి, ఊళ్ళ పేర్లు మాత్రం ఫ్రెంచివి. 1810 డిసెంబరులో ఇంగ్లీషువాళ్ళు ఈ దీవిని ఫ్రెంచివాళ్ళ దగ్గర గెలుచుకున్నప్పుడు, ఇక్కడివాళ్ళ భాష, చట్టాలు, ఆచారాల జోలికి రామని ఒప్పందం రాసిచ్చారు. ఆ గెలిచిన సైన్యంలో మద్రాసు సిపాయిలు కూడా ఉన్నారన్నమాట!

సర్లెండి, అసలు విషయానికొస్తాను. నేను బయల్దేరింది ల మోర్న్ బీచికి. దీవికి నైరుతి మూల, సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఒక పెద్ద కొండ, దాని కాళ్ళ దగ్గర తెల్లటి ఇసుక. ఎబెన్ నుంచి గంట పైన పడుతుంది. కాత్ర్ బోర్న్ దాటాక ఊరి సందడి తగ్గి రెండు పక్కలా చెరుకు తోటలు మొదలవుతాయి. మన అనకాపల్లి చెరుకు గుర్తొచ్చింది గానీ, ఇక్కడ తోటల మధ్య నల్లరాళ్ళు గుట్టలు గుట్టలుగా పేర్చి ఉంటాయి. కొన్ని పిరమిడ్లలా రెండు మూడు నిలువుల ఎత్తు. మొదటిసారి చూసి ఏదో పురాతన కట్టడం అనుకున్నాను.

అవేమిటో మా టీములోని ఒక మారిషస్ తెలుగాయన అంతకు ముందే చెప్పాడు. ఈ దీవి అగ్నిపర్వతం లావాతో ఏర్పడింది. నేలంతా రాళ్ళే. చెరుకు వేయాలంటే ముందు ఆ రాళ్ళు ఏరాలి. ముందు బానిసలు ఏరారు, తర్వాత మన కూలీలు ఏరారు. "మారిషస్ లో రాయి తిప్పితే కింద బంగారం ఉంటుంది" అని చెప్పి మనవాళ్ళను ఓడ ఎక్కించారని ఇక్కడ ప్రతి ఇంట్లోనూ చెప్పుకుంటారు. రాళ్ళు తిప్పించిన మాట మాత్రం నిజమే.

ఆయనకు తెలుగు పెద్దగా రాదు. కానీ "అమ్మోరు పండగ", "సింహాద్రి అప్పన్న", "రామభజనం" అని మాత్రం మా ఊరివాళ్ళు పలికినట్టే పలుకుతాడు. మాది విజయనగరం వైపు. పరాయి దేశంలో లంచ్ టైములో ఒకాయన ఫ్రెంచి యాసలో "సింహాద్రి అప్పన్న" అంటే ఒళ్ళు జలదరించింది. మారిషస్ లో ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉందని, 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఇక్కడే జరిగాయని కూడా అప్పుడే తెలిసింది.

ఇక రోడ్డు మీదికి వద్దాం. తమారిన్ అనే ఊరు దాటాక (పేరు చూశారా, మన చింతచెట్టే) ఒక పోలీసు చెయ్యెత్తి కారు ఆపాడు. నాకు గుండె జారింది. లైసెన్సు అడిగాడు. ఫొటో చూశాడు, నా మొహం చూశాడు. "ఇండియా?" అన్నాడు. అవునన్నాను. "బీచికా?" అవునన్నాను. తిరిగిచ్చి చెయ్యూపాడు. మహా అయితే పది సెకన్లు.

ఆ పది సెకన్లు నన్ను వదల్లేదు. ఎందుకంటే ముందు రోజే, అంటే శనివారం, పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్ చూసొచ్చాను. 1849 నుంచి మన కూలీలను దించిన రేవు అది. ఓడ దిగి పదహారు రాతిమెట్లు ఎక్కితే లోపల నమోదు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ మ్యూజియంలో కూలీల పాసుల గురించి చదివాను. పాసు మీద ఫొటో, నంబరు.

కథ క్లుప్తంగా ఇదీ. 1835 ఫిబ్రవరి 1న మారిషస్ లో బానిసత్వం రద్దయింది. బానిసల యజమానులకు బ్రిటిషు ప్రభుత్వం ఇరవై లక్షల పౌండ్లకు పైగా నష్టపరిహారం ఇచ్చింది. బానిసలకు ఇచ్చింది సున్నా. పైగా "అప్రెంటీసులు" అని పేరు మార్చి 1839 దాకా అదే యజమాని దగ్గర పనిచేయించారు. ఈలోగా తోటలవాళ్ళు కొత్త చేతులు వెతుక్కున్నారు. 1834 నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడలో కలకత్తా నుంచి 36 మంది దిగారు. ఐదేళ్ళ ఒప్పందం, నెలకు ఐదు రూపాయల జీతం. అక్కడ మొదలై ఇరవయ్యో శతాబ్దం మొదటి దాకా నాలుగున్నర లక్షల మందికి పైగా భారతీయులు వచ్చారు. ఎక్కువ మంది కలకత్తా రేవు మీదుగా, మిగతావాళ్ళు మద్రాసు, బొంబాయిల నుంచి. మన గోదావరి మొగలో ఉన్న కోరంగి రేవు పేరు కూడా ఈ వలసల కథలో వినిపిస్తుంది.

ఒప్పందంలో "డబుల్ కట్" అని ఒకటుండేది. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. (మన లీవ్ పాలసీ మీద గొణిగే ముందు ఇది ఒకసారి తల్చుకోండి.)

ఐదేళ్ళు పూర్తయ్యాక మనిషి స్వేచ్ఛగా ఉండాలి కదా. చిన్న కొట్టు పెట్టుకుంటాడు, కూరగాయలు పండిస్తాడు, మంచి కూలి ఇచ్చేచోటికి పోతాడు. తోటలవాళ్ళకు కావాల్సింది అది కాదు. అందుకని 1867లో ఒక చట్టం తెచ్చారు. ఒప్పందం ముగిసిన ప్రతి "పాత వలసదారుడూ" తన ఫొటో అతికించిన టిక్కెట్టు, తను ఏ జిల్లాలో ఉంటాడో చెప్పే పోలీసు పాసు ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలి. వేరే జిల్లాకు పోవాలంటే అనుమతి. టిక్కెట్టు లేకుండా దొరికితే "దేశదిమ్మరి" అని కేసు. ఆ తర్వాత వేలాది మందిని అలా పట్టుకున్నారు. ఫొటోగ్రఫీ అప్పటికి కొత్త. పెళ్ళికి కూడా ఫొటో దిగని కాలంలో, చెరుకు కూలీకి మాత్రం ప్రభుత్వమే ఫొటో తీయించింది. ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదా.

గమనించండి, దీవి మొత్తం అరవై అయిదు కిలోమీటర్ల పొడవు, నలభై అయిదు వెడల్పు. అందులో తొమ్మిది జిల్లాలు. నేను ఆ ఆదివారం ఎబెన్ నుంచి ల మోర్న్ పోవడంలో ప్లేన్ విల్హెమ్స్ జిల్లా నుంచి బ్లాక్ రివర్ జిల్లాలోకి వచ్చాను. జిల్లా మారిన సంగతి కూడా నాకు తెలియలేదు. 1867 తర్వాత ఒక అప్పడో, సన్యాసో ఈ గీత దాటాలంటే జేబులో కాగితం సరిగ్గా ఉండాలి. అది చదివేవాడు పోలీసు, అతనికి మాత్రం చదువు రాదు.

ఈ అన్యాయం ఎలా బయటికొచ్చిందో కూడా చెప్పాలి. అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అని ఒక తెల్లాయన, స్వయంగా తోట చూసుకునేవాడు. 1871లో పాత వలసదారుల చేత ఒక అర్జీ పెట్టించాడు. దాని మీద 9,401 మంది సంతకాలు! రాజరత్నం మొదలియార్ అనే తమిళాయన అందులో సాయం చేశాడు. తోటల యజమానులకు ఒళ్ళు మండింది. ప్లెవిట్జ్ ని నడివీధిలో కొట్టారు, దేశం నుంచి పంపెయ్యమని వాళ్ళూ ఒక అర్జీ పెట్టారు. కానీ లండన్ నుంచి రాయల్ కమిషన్ దిగింది. 1875లో అది ఇచ్చిన నివేదిక అర్జీలోని ఫిర్యాదులు చాలావరకు నిజమేనంది. 1878లో చట్టం కొంత మారింది. మొత్తం ఒక్కసారిగా బాగుపడిపోలేదు, కానీ తొమ్మిది వేల మంది పాత వలసదారులు ఒక సామ్రాజ్యాన్ని కదిలించి విచారణ వేయించారు.

ఇవన్నీ బుర్రలో తిరుగుతుండగా బీచికి చేరాను. ఒడ్డు పొడుగునా సరుగుడు చెట్లు, అచ్చం మా భీమిలి దగ్గరలాగే. వాటి కింద ఆదివారం కుటుంబాలు. చాపలు పరిచి, డేక్సాల్లో బిర్యానీ పెట్టుకుని, పిల్లల్ని నీళ్ళలోకి వదిలి. ఆ గుంపుల్లో సగం మొహాలు మన బజారులో కనిపించే మొహాలే.

ఈ ఒడ్డుకి కూడా ఒక చరిత్ర ఉంది. సముద్రం పక్కన దాదాపు 81 మీటర్ల పట్టీని ఫ్రెంచివాళ్ళు "యాభై అడుగుల కొలత" పేరుతో రాజుగారి భూమిగా అట్టేపెట్టారు. శత్రువు ఓడలొస్తే ఫిరంగులు పెట్టుకోవడానికి. ఇప్పటికీ అది ప్రభుత్వ భూమే, ప్రైవేటువాళ్ళకు అమ్మరు. కానీ లీజుకిస్తారు. మొదట తోటల యజమానుల వేసవి ఇళ్ళకు, తర్వాత హోటళ్ళకు. అందుకే పబ్లిక్ బీచి ఎంత మిగులుతుందన్నది ఇక్కడివాళ్ళకు పెద్ద విషయం. చెరుకు మధ్య కూలీల క్యాంపుల్లో పుట్టిన తాతలకు సముద్రం కొన్ని మైళ్ళ దూరంలోనే ఉన్నా వేరే లోకం. మనవలు ఇవాళ అదే ఒడ్డున బిర్యానీ తింటున్నారు. నాకది చిన్న విషయంగా అనిపించలేదు.

వెనక ల మోర్న్ కొండ. 556 మీటర్లు, గోడలా నిటారుగా. పారిపోయిన బానిసలు దాని పైన దాక్కునేవాళ్ళు. 1723 నాటి చట్టంలో, నెలరోజులు పరారీలో ఉంటే చెవులు కోసి వాత పెట్టడం, రెండోసారికి మోకాలి వెనక నరం కోయడం, మూడోసారికి చావు. ఇక్కడ ఒక కథ చెప్తారు. 1835లో బానిసత్వం పోయిందని చెప్పడానికి పోలీసులు కొండెక్కుతుంటే, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని పైనున్నవాళ్ళు కిందికి దూకేశారట. జరిగిందో లేదో, కానీ జనం ఆ కథను వదల్లేదు. యూనిఫారం వేసుకున్నవాడు నా వైపు వస్తే అది మంచి కబురు అయ్యుంటుందని నమ్మడానికి వాళ్ళకు ఏ కారణమూ లేదు. పొద్దున నాకు గుండె జారింది, నాకైతే కారణం కూడా లేదు.

మనం సరదాకి "సైబర్ కూలీలం" అనుకుంటుంటాం. బాండు, ఆన్ సైట్, వీసా, ఏజెంటు కమిషను. నేనూ చాలాసార్లు అన్నాను. ఆ రోజు తర్వాత అనడం మానేశాను. నేను కాంట్రాక్టు నచ్చకపోతే రాజీనామా పంపి ఫ్లైట్ ఎక్కగలను. రెజ్యూమేలో గ్యాపు ఉంటుందేమో గానీ జైలు ఉండదు.

ఇంకో మాట, మన వృత్తికి సంబంధించినది. ఆ వలసదారుల రిజిస్టర్లు, ఫొటోలు ఇప్పుడు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్స్టిట్యూట్ లో ఉన్నాయి. ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, ఎత్తు, ఒంటిమీద గుర్తు. డేటాబేసు చేసేవాళ్ళం కదా, చూడగానే "ప్రైమరీ కీ" అనిపిస్తుంది. మనిషిని కట్టేయడానికి చేసిన ఆ టేబులే ఇవాళ మనవలకు మూలాలు చూపిస్తోంది. 2024లో భారత ప్రభుత్వం మారిషస్ లోని భారత సంతతికి ఏడో తరం దాకా ఓసీఐ కార్డుకు అవకాశం ఇచ్చింది. దానికి రుజువులు వెతుక్కునేవాళ్ళు చూడాల్సింది ఈ పుస్తకాలే. మా టీము పెద్దాయనకు తన ముత్తాత నంబరు కంఠతా వచ్చు.

అలాగని ఆ దేశం పాత పాఠం మర్చిపోలేదు. 2013లో వేలిముద్రలతో కొత్త గుర్తింపు కార్డు తెస్తే జనం కోర్టుకెక్కారు. వేలిముద్రలు ఒకేచోట దాచిపెట్టుకోవడం సమర్థనీయం కాదని 2015లో అక్కడి సుప్రీం కోర్టు తేల్చింది. కార్డులో ఉంచడం కూడా ఏకాంత హక్కుకు భంగమేనని 2021లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ అంది. ఇలాంటి టేబుళ్ళు కట్టేది మనమే కాబట్టి, కాలమ్ చేర్చేముందు అది ఎవర్ని ఎక్కడ ఆపడానికో ఒకసారి అడిగితే పోయేదేం లేదు.

సాయంత్రం ఇసుక కాళ్ళతో కారెక్కి వెనక్కొచ్చాను. దారిలో ఎవరూ ఆపలేదు.

మా నాయనమ్మ వాళ్ళ తాత తమ్ముడొకాయన "రంగం పోయినాడు, మరి రాలేదు" అని చెప్పేది. మా వైపు సముద్రం దాటిన ప్రతివాడూ రంగం పోయినట్టే లెక్క. నిజంగా రంగూనే పోయాడో, ఇటే వచ్చాడో ఎవరికి తెలుసు. ఆ మాట మా తెలుగాయనతో అంటే, "పేరు చెప్పు, రిజిస్టరులో చూద్దాం" అన్నాడు. నాకు పేరు తెలియదు. నాయనమ్మ ఇప్పుడు లేదు. వాళ్ళ దగ్గర నంబరుంది, ఫొటో ఉంది. మా దగ్గర ఉన్నది ఒక ముసలామె జ్ఞాపకం, అదీ పోయింది.

మీ ఇళ్ళలో ఇంకా అలా చెప్పేవాళ్ళెవరైనా ఉంటే, ఈసారి ఫోన్ చేసినప్పుడు పేరు, ఊరు అడిగి రాసిపెట్టుకోండి.