కాఫీ అనే నర్సు కథ

టైటిల్ చూసి ఫిల్టర్ కాఫీ అనుకోకండి. ఇది ఒక మనిషి పేరు. పూర్తి పేరు ఫ్లవర్ చైల్డ్ కాఫిన్. ఇంటిపేరు కాఫిన్, అంటే శవపేటిక, అదే ముద్దుగా కాఫీ అయింది. ఉద్యోగం నర్సు. చిన్న చెల్లెలికి హెరాయిన్ అలవాటు చేసినవాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళి ఒక్కొక్కర్నీ చంపుతుంది. 1973లో వచ్చిన 'కాఫీ' సినిమా కథ ఇంతే. మనవాళ్ళ లెక్కలో చెప్పాలంటే, విజయశాంతి 'కర్తవ్యం' రావడానికి 17 ఏళ్ళ ముందు సంగతి. ఎపిసోడ్‌లో పామ్ గ్రియర్ గురించి మాట్లాడుతూ ఈ సినిమాని గబగబా దాటేశాం. అది నాకు బాకీలా మిగిలిపోయింది.

ముందు కాస్త వెనక్కి వెళ్దాం. 1971లో మెల్విన్ వాన్ పీబుల్స్ పెద్ద స్టూడియో అండ లేకుండా 'స్వీట్ స్వీట్‌బ్యాక్' తీసి డబ్బు చేసుకున్నాడు. అదే ఏడాది 'షాఫ్ట్', మరుసటి ఏడాది 'సూపర్ ఫ్లై' ఆడాయి. అప్పటికి నష్టాల్లో ఉన్న హాలీవుడ్‌కి ఒక్కసారిగా నల్లజాతి ప్రేక్షకులు కనిపించారు. నిజానికి వాళ్ళు అంతకుముందూ టికెట్ కొంటూనే ఉన్నారు, అది వేరే విషయం. ఈ సినిమాలకి 'బ్లాక్స్‌ప్లాయిటేషన్' అన్న పేరు అభిమానులు పెట్టింది కాదు. 1972లో ఎన్.ఎ.ఎ.సి.పి. హాలీవుడ్ శాఖకి చెందిన జూనియస్ గ్రిఫిన్ తిట్టుగా వాడిన మాట. నల్లవాళ్ళని మత్తుమందులు అమ్మేవాళ్ళుగా, తార్పుడుగాళ్ళుగా చూపించి వాళ్ళ జేబులే ఖాళీ చేస్తున్నారని ఆయన కోపం.

'కాఫీ' పుట్టుక కూడా ఏమంత గొప్పది కాదు. అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ అనే చవక సినిమాల కంపెనీ 'క్లియోపాత్రా జోన్స్' అనే కథ తమకే వస్తుందనుకుంది. అది కాస్తా వార్నర్ బ్రదర్స్ చేతికి వెళ్ళిపోయింది. ఉక్రోషంతో, వాళ్ళకంటే ముందే ఒక నల్లజాతి హీరోయిన్ ప్రతీకార కథని థియేటర్లలో దించాలని డైరెక్టర్ జాక్ హిల్‌ని పురమాయించారు. సుమారు 5 లక్షల డాలర్ల ఖర్చు, మూడు వారాలు కూడా పట్టని షూటింగ్. 'క్లియోపాత్రా జోన్స్' 1973 జూలైలో వచ్చేసరికి 'కాఫీ' థియేటర్లలో ఉంది. రెండింటికీ ఒక పెద్ద తేడా. ఆరడుగుల రెండంగుళాల టమారా డాబ్సన్ చేసిన క్లియోపాత్రా ప్రభుత్వ ఏజెంటు, వెనక అధికారం ఉంది, నడపడానికి కార్వెట్ కారు ఉంది. కాఫీకి ఉన్నది హాస్పిటల్ డ్యూటీ.

నాకు ఈ సినిమా ఎందుకు పట్టుకుందంటే సరిగ్గా ఆ డ్యూటీ వల్లే. మొదటి సీన్‌లో ఆమె మత్తుకి బానిసైన అమ్మాయిలా నటించి ఒక అమ్మకందారుని ఇంటికి రప్పించి షాట్‌గన్‌తో తల పేల్చేస్తుంది. అక్కడినుంచి నేరుగా ఆపరేషన్ థియేటర్‌లో పనికి వెళ్తుంది. చేయి పనిమీద నిలవదు. యాక్షన్ సినిమా హీరోలు హత్య చేశాక డైలాగ్ కొట్టి సిగరెట్ వెలిగిస్తారు. ఈమె షిఫ్ట్‌కి వెళ్తుంది. గ్రియర్ వాళ్ళ అమ్మ నర్సు. ఈ పాత్రకి అమ్మనే మనసులో పెట్టుకున్నానని ఆమె తర్వాత చెప్పుకుంది కూడా. ఆ మాట తెలిశాక ఆ సీన్ ఇంకోలా కనిపిస్తుంది.

ఇంకో సీన్ గురించి మాత్రం ఆగి మాట్లాడాలి. మాఫియా మనిషి విట్రోని చేతికి చిక్కినప్పుడు కాఫీ ప్రాణం కాపాడుకోడానికి, తనని పంపింది కింగ్ జార్జ్ అని అబద్ధం చెప్తుంది. కింగ్ జార్జ్ అమ్మాయిలని తార్చే నల్లవాడు, రంగురంగుల సూట్లతో నవ్వు తెప్పించే మనిషి. విట్రోని మనుషులు అతని మెడకి ఉరితాడు బిగించి కారు వెనక కట్టి ఈడ్చి చంపుతారు. మెడకి తాడు, చుట్టూ తెల్లవాళ్ళు. అమెరికాలో నల్లవాళ్ళని మూకలు ఉరితీసిన చరిత్ర తెలిసిన ప్రేక్షకులకి అది ఏం గుర్తుచేసి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. అప్పటిదాకా నవ్విన హాలు అక్కడ ఎలా ఉండేదో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఆ చావుకి కాఫీ అబద్ధం కూడా కారణమే. సినిమా ఆ మాట పైకి అనదు, దాచనూ దాచదు.

చివర్లో అసలు దెబ్బ. కాఫీ ప్రేమించిన హోవర్డ్ బ్రన్స్‌విక్ కాంగ్రెస్‌కి పోటీ చేస్తున్న నల్లజాతి నాయకుడు. మాఫియాతో అతనికి వాటా ఉంది. వాళ్ళ ముందు ఆమె తనకేమీ కాదని చేతులు దులుపుకుంటాడు. ఆమె బతికి బయటపడి తుపాకీతో అతని ఇంటికి వెళ్తే, ఇదంతా మన జనానికి అధికారం రావడానికే అని నచ్చజెప్తాడు. ఆమె దాదాపు కరిగిపోతుంది. అప్పుడే పడకగదిలోంచి ఒక తెల్లమ్మాయి బయటికొస్తుంది. తుపాకీ పేలుతుంది. ఇక్కడే నాకు డైరెక్టర్ మీద కోపం. చెల్లెలి జీవితం నాశనం చేసిన వ్యాపారంలో వాటాదారుడని తెలిసింది చాలదా, చంపడానికి? సవతి పోరు ఎందుకు తేవాలి? ఒక రాజకీయ ద్రోహాన్ని అసూయగా చిన్నది చేసేశారు.

గ్రిఫిన్ కోపం న్యాయమే, ఒప్పుకుంటాను. లాభాల్లో ఎక్కువ భాగం తెల్ల కంపెనీలకే పోయింది. గ్రియర్ శరీరాన్ని కెమెరా చూసే తీరూ ఇబ్బందిగానే ఉంటుంది. అయితే లెక్కలో ఇంకో వైపు ఉంది. హాలీవుడ్‌లో తెల్ల స్టంట్‌మన్‌లకి ముఖానికి రంగు పూసి నల్లనటులకి డూప్‌గా పెట్టే అలవాటు ఉండేది. ఈ సినిమాల కాలంలోనే బాబ్ మైనర్, గ్రియర్‌కి డూప్‌గా చేసిన జేడీ డేవిడ్ లాంటి నల్లజాతి స్టంట్ కళాకారులకి నిలకడగా పని దొరికింది. తెరమీద కనిపించకపోయినా అది ఒకరి జీతం, ఒకరి ఇల్లు.

1974లో వచ్చిన 'ఫాక్సీ బ్రౌన్'ని మొదట 'కాఫీ'కి కొనసాగింపుగా అనుకున్నారు. కంపెనీ మనసు మార్చుకునేసరికి పేరు మారింది, నర్సు ఉద్యోగం పోయింది. ఫాక్సీ ఏం పని చేసి బతుకుతుందో ఆ సినిమా చూసి చెప్పడం కష్టం. కాఫీ జుట్టులో బ్లేడ్లు దాచింది, ఫాక్సీ పిస్టల్ దాచింది, అంతవరకే కలిసింది. 1975 ఆగస్టులో 'మిజ్' అనే స్త్రీవాద పత్రిక గ్రియర్‌ని ముఖచిత్రంగా వేసింది. ఆ తర్వాత కొద్ది కాలానికే ఈ తరహా సినిమాలు ఆగిపోయాయి. 'గాడ్‌ఫాదర్', 'ఎక్సార్సిస్ట్' లాంటివాటికీ నల్ల ప్రేక్షకులు ఎగబడి వస్తుంటే వాళ్ళకోసం వేరే సినిమాలెందుకని స్టూడియోలు లెక్కేసుకున్నాయి. 1997లో టరంటీనో ఎల్మోర్ లెనర్డ్ నవలలోని తెల్ల కథానాయికని గ్రియర్ కోసం నల్లజాతి స్త్రీగా మార్చి 'జాకీ బ్రౌన్' తీశాడు. అందులో ఆమె ఎయిర్‌హోస్టెస్. మళ్ళీ ఉద్యోగం దొరికింది.

'కాఫీ' చూడాలనుకుంటే పిల్లలు పడుకున్నాక చూడండి. రక్తం, నగ్నత్వం రెండూ ఎక్కువే.