పాత లీవరు రైఫిలు – కొనేముందు తెలియవలసిన చరిత్ర

నవంబరు వచ్చిందంటే అమెరికా పల్లెసీమల్లో జింకల వేట ముమ్మరమవుతుంది. ఈ దేశంలో పుట్టి పెరిగిన మన పిల్లల్లోనూ కొందరు ఇరుగు పొరుగు మిత్రులతో వేటకు వెళ్లడం, వారి ఇళ్లలో తాతల నాటి లీవరు రైఫిలును చూసి అటువంటిది తామూ సంపాదించుకోవాలని ముచ్చటపడడం వింతేమీ కాదు. అటువంటి తుపాకిని ఎంచుకునేటప్పుడు మొదట అడగవలసినది ధర కాదు, అది ఏ సంవత్సరంలో తయారైందన్నది. దానితో వేటాడవచ్చునా, లేక గోడకు తగిలించి చూసుకోవలసినదేనా అన్నది చాలావరకు ఆ సంవత్సరాన్ని బట్టే తేలుతుంది. కనుక దీని చరిత్రను క్లుప్తంగా మనవి చేస్తాను.

ట్రిగ్గరు చుట్టూ ఉన్న ఇనుప కడియాన్ని కిందికి తోసి మళ్లీ పైకి లాగితే, కాల్చిన తూటా తొడుగు బయటపడి కొత్త తూటా లోపలికి ఎక్కుతుంది. లీవరు రైఫిలు కిటుకంతా ఇదే. న్యూహేవెన్ పట్టణంలో బెంజమిన్ టైలర్ హెన్రీ 1860లో పేటెంటు పొందిన రైఫిలు ఈ తరహాలో పేరు పొందిన తొలి వాటిలో ఒకటి. 1866లో ఆలివర్ విన్‌చెస్టర్ కంపెనీ పక్కనుంచి తూటాలు నింపే వీలు కల్పించింది. 1873 మోడలు ఏడు లక్షలకు పైగా తయారై పశ్చిమ రాష్ట్రాల్లోని ఎన్నో రైతు ఇళ్లకు చేరింది. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ వద్ద జనరల్ కస్టర్ సైనికుల చేతుల్లో ఒక్కొక్క తూటా పెట్టి కాల్చే స్ప్రింగ్‌ఫీల్డ్ తుపాకులుండగా, లకోటా, షయాన్ యోధుల్లో అనేకుల వద్ద హెన్రీ, విన్‌చెస్టర్ రైఫిళ్లుండేవి. 1984, 85 సంవత్సరాల తవ్వకాల్లో దొరికిన తూటాలు, తొడుగులు ఈ సంగతిని రుజువు చేశాయి.

ఆ రోజుల్లోనే, అంటే 1878లో, మన పూర్వుల గడ్డమీద లిట్టన్ ప్రభువు ప్రభుత్వం ఆయుధాల చట్టం తెచ్చింది. లైసెన్సు లేనిదే భారతీయుడు తుపాకి ఉంచుకోరాదు. తెల్లవారికి మాత్రం మినహాయింపు! మన పెద్దలకు తుపాకి అంటే సర్కారు అధికారానికి గుర్తు. ఇక్కడి రైతుకు నాగలి వంటి పనిముట్టు. ఇంట్లో తుపాకి మాట ఎత్తగానే తాతకూ మనుమడికీ మాట కలవకపోవడానికి ఈ చరిత్ర కూడా ఒక కారణమని గ్రహించాలి.

ఇక అసలు సంగతికి వద్దాము. తొలి లీవరు రైఫిళ్లన్నీ దట్టంగా పొగ చిమ్మే పాతకాలపు తుపాకిమందుకు తయారైనవి. జాన్ మోజెస్ బ్రౌనింగ్ రూపొందించిన విన్‌చెస్టర్ 1894 మోడలు కూడా మొదట ఆ మందు తూటాలతోనే వెలువడింది. 1895లో పొగరాని మందుతో .30-30 తూటా వచ్చింది. దాని ఒత్తిడి ఎక్కువ కనుక గొట్టాన్ని నికెల్ ఉక్కుతో చేయవలసి వచ్చింది. ఈ మార్పుకు ముందు తయారైన తుపాకిలో నేటి బలమైన తూటా పేలిస్తే గొట్టం పగిలి కన్నో, చెయ్యో పోవచ్చును. పేరు ఒకటే కదా అని మోసపోరాదు. .45-70 అనే తూటా 1873 నాటిది. నేడు కొత్త తుపాకుల కోసం ఎక్కువ బలంతో చేసే .45-70 తూటాలు పాత తుపాకికి ప్రాణాంతకం.

తూటా ఆకారమూ ముఖ్యమే. విన్‌చెస్టర్ 94లోనూ, 1948లో వచ్చిన మార్లిన్ 336లోనూ తూటాలు గొట్టం కింది సన్నని గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి పడుకుంటాయి. ముందున్న తూటా అడుగునే రంజకం ఉంటుంది. వెనుక తూటాది గట్టి సూదిమొన అయితే, కుదుపుకు అది రంజకాన్ని గుచ్చి లోపలే పేలే ప్రమాదమున్నది. అందుకే వీటికి మొన చదునైన తూటాలు వాడతారు. ఆర్థర్ సావేజ్ పేరుగల 1899 మోడలులో తూటాలు గుండ్రంగా తిరిగే అరలో కూర్చుంటాయి కనుక సూదిమొన తూటాలకూ అడ్డులేదు. దూరదర్శిని బిగించాలనుకునే వారికి తొడుగును పక్కకు విసిరే మార్లిన్ అనుకూలం. పాత విన్‌చెస్టర్ దానిని పైకి విసురుతుంది.

1964లో విన్‌చెస్టర్ కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి తయారీ పద్ధతి మార్చింది. అంతకుముందు చేసిన వాటికి సేకర్తలు ఎక్కువ ధర ఇస్తారు. అంతమాత్రాన తర్వాతివి వేటకు పనికిరానివి కావు. 94 మోడలు 70 లక్షలకు పైగా తయారైంది కనుక మంచిది దొరికేవరకు ఓపిక పట్టవచ్చును.

తుపాకి చేతికి తీసుకున్నప్పుడు ముందు అది ఖాళీయేనని స్వయంగా చూసుకోవాలి. గొట్టంలోని మెలికల గీతలు స్పష్టంగా ఉన్నాయా, తుప్పు తిన్నదా, కొయ్య మడమ చీలిందా అని పరిశీలించాలి. పాత విన్‌చెస్టర్, మార్లిన్ రైఫిళ్లలో విడిగా సేఫ్టీ బొత్తాం ఉండదు. హ్యామరును సగం మెట్టు మీద నిలపడమే రక్షణ. ఆ మెట్టు అరిగితే తుపాకి ఎప్పుడైనా పేలవచ్చును. కాబట్టి తుపాకుల పనివానికి చూపించనిదే ఒక్క తూటా కూడా కాల్చరాదు.

చట్టం సంగతి కూడా తెలియాలి. 1898 వరకు తయారైన తుపాకులను 1968 నాటి సమాఖ్య చట్టం పురాతన వస్తువులుగా ఎంచుతుంది. తర్వాతివి దుకాణంలో కొంటే పూర్వాపరాల విచారణ తప్పదు. రాష్ట్రాల నిబంధనలు వేరువేరు. విద్యార్థి వీసా మీదనో, చుట్టపుచూపుగానో వచ్చిన బంధువులు చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి మినహాయింపు లేనిదే తుపాకి ముట్టరాదు. సరదాగా వారి చేతికి ఇవ్వడం వారి భవిష్యత్తుకే ముప్పు.

మన పూర్వుల దేశంలో 1972 చట్టం ప్రకారం జింకను వేటాడడం నేరం. ఇక్కడ కూడా 1900 నాటికి హద్దులేని వేటవల్ల తెల్లతోక జింకలు కొన్ని లక్షలకు తగ్గిపోయాయి. కట్టుదిట్టమైన సీజన్లు, 1937 చట్టం ప్రకారం తుపాకులు తూటాల పన్నును వన్యప్రాణుల రక్షణకు వెచ్చించడం ఆ సంతతిని తిరిగి నిలబెట్టడానికి ఎంతో తోడ్పడ్డాయి. పాత రైఫిలు కొనదలచిన యువతీయువకులు ఈ చరిత్ర తెలుసుకొని కొనాలి. కొన్నాక తుపాకిని ఒకచోట, తూటాలను మరొకచోట తాళం వేసి ఉంచాలి. పెద్దలు కూడా వట్టి కోపంతో కాదనక, ఆ తుపాకి ఏ సంవత్సరం నాటిదో కూర్చోబెట్టి అడగాలని మనవి.