లేచిపోయినవాళ్లు, చివరిదాకా కూర్చున్నవాళ్లు

షికాగో విమర్శకులు జీన్ సిస్కెల్, రోజర్ ఈబర్ట్ టీవీలో జంటగా సినిమాల మీద తీర్పు చెప్పేవారు. నచ్చితే బొటనవేలు పైకి, నచ్చకపోతే కిందికి. 1998 మే నెలలో ‘ఫియర్ అండ్ లోథింగ్ ఇన్ లాస్ వేగాస్’ వచ్చినప్పుడు ఆ ఇద్దరికీ పొత్తు కుదరలేదు. దానికి మూలమైన పుస్తకంలోని సారం తెరమీదికి వచ్చిందని సిస్కెల్ మెచ్చుకున్నాడు. ఈబర్ట్ ఒక్క నక్షత్రంతో సరిపెట్టి, దారీ తెన్నూ లేని గందరగోళమని తేల్చేశాడు. మామూలుగా ఇలాంటి తగాదాలు ఏడాది తిరిగేసరికి చల్లారిపోతాయి. ఇది పాతికేళ్లు దాటినా చల్లారలేదు. సగంలో లేచిపోయినవాళ్లు ఇప్పటికీ అదే అసహ్యంతో చెబుతారు, పదిసార్లు చూసినవాళ్లు ఇప్పటికీ అదే మోజుతో చెబుతారు.

రెండు పక్షాలూ వాదించుకునేది మత్తు గురించే. అంత మత్తు చూపించాలా, అది మత్తును పొగడడమా తెగడడమా అని. ఆ మత్తు వెనకాల ఒక విలేఖరి చావు ఉంది, ఒక లాయరు కోపం ఉంది. పుస్తకం వాటిని సగం దాచింది, సినిమా దాదాపు పూర్తిగా వదిలేసింది. కథలోని ఇద్దరు మనుషులు ఎందుకంత కసిగా తాగి తూలుతున్నారో తెలిసినవాడికి ఒక సినిమా కనిపిస్తుంది, తెలియనివాడికి మరొకటి. ప్రేక్షకులు చీలిపోవడానికి మూలం అక్కడుందని నా నమ్మకం. అందుకే కథను సినిమా దగ్గర కాక 1970 దగ్గర మొదలుపెట్టాలి.

ఆ ఏడాది ఆగస్టు 29న తూర్పు లాస్ ఏంజెలెస్‌లో మెక్సికన్ అమెరికన్లు వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా పెద్ద ప్రదర్శన జరిపారు. పోలీసులు విరుచుకుపడ్డారు. ‘లాస్ ఏంజెలెస్ టైమ్స్’లో కాలమ్ రాస్తూ స్పానిష్ టీవీ చానల్లో వార్తా విభాగం చూసే రూబెన్ సాలజార్ ఆ సాయంత్రం సిల్వర్ డాలర్ అనే బారులో కూర్చుని ఉండగా, ఒక షెరిఫ్ డిప్యూటీ లోపలికి పేల్చిన బాష్పవాయు గుండు తలకు తగిలి చనిపోయాడు. పేల్చిన మనిషి మీద కేసు నడవలేదు. ఈ చావు గురించి ‘రోలింగ్ స్టోన్’ పత్రికకు రాయడానికి పూనుకున్నాడు ఆ పుస్తక రచయిత హంటర్ ఎస్. థాంప్సన్. అతనికి దారి చూపించగలిగిన మనిషి ఆస్కార్ జీటా అకోస్టా. చికానో (మెక్సికన్ అమెరికన్) ఉద్యమకారుల తరఫున కోర్టుల్లో నిలబడే లాయరు, థాంప్సన్‌కు స్నేహితుడు. ఇద్దరిదీ ఒకే తరహా మొండితనం. 1970లోనే అకోస్టా లాస్ ఏంజెలెస్ కౌంటీలో, థాంప్సన్ కొలరాడోలోని పిట్కిన్ కౌంటీలో షెరిఫ్ పదవికి పోటీ చేసి ఓడిపోయారు.

అకోస్టా చుట్టూ ఎప్పుడూ ఉద్యమ కుర్రాళ్లు ఉండేవారు. తెల్ల విలేఖరిని వాళ్లు నమ్మలేదు. నోరు విప్పి మాట్లాడుకోవడానికి ఊరు దాటాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే ‘స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్’ పత్రిక లాస్ వేగాస్ ఎడారిలో జరిగే మింట్ 400 వాహన పందేనికి ఫొటోల కింద రాసే వ్యాఖ్యలు అడిగింది. అడిగింది 250 పదాలు. 1971 మార్చిలో ఇద్దరూ కలిసి వెళ్లొచ్చాక థాంప్సన్ పంపింది 2,500 పదాలు. వాళ్లు తిప్పికొట్టారు. మరుసటి నెలలో అదే వేగాస్‌లో జిల్లా ప్రాసిక్యూటర్ల సంఘం మత్తుమందుల మీద సదస్సు పెడితే, మళ్లీ ఇద్దరూ వెళ్లి ఆ పోలీసుల నడుమ కూర్చున్నారు. ఈ రెండు ప్రయాణాలనూ ఒకటిగా కుట్టి, ఉన్నదానికి లేనిది కలిపి రాసిందే ఆ పుస్తకం. రాస్తున్న కాలంలోనే, జూన్ 17న, అధ్యక్షుడు నిక్సన్ మత్తుమందుల వాడకాన్ని దేశానికి మొదటి నంబరు శత్రువుగా ప్రకటించాడు. నవంబరులో ‘రోలింగ్ స్టోన్’ రెండు సంచికల్లో రావుల్ డ్యూక్ అనే మారుపేరుతో రచన అచ్చయింది. వేగాస్ వెళ్లకుండానే, రాతప్రతి చదివి రాల్ఫ్ స్టెడ్‌మన్ గీసిన సిరా బొమ్మలు దాని ముఖచిత్రంగా జనం మనసులో నిలిచిపోయాయి.

1972లో ర్యాండమ్ హౌస్ పుస్తకంగా వేసే ముందు వచ్చిన చిక్కు మీద చాలామంది దృష్టి పెట్టరు. పుస్తకంలో కథకుడు డ్యూక్ వెంట ఉండే లాయరు డాక్టర్ గొంజో మూడు వందల పౌన్ల సమోవన్. అది అకోస్టా అని ఇట్టే పోల్చుకోవచ్చు కాబట్టి ప్రచురణకర్తల న్యాయవాదులు అతని అనుమతి కావాలన్నారు. అకోస్టా మండిపడ్డాడు. మత్తుమందులు మింగినట్టు రాసినందుకు కాదు, తన జాతిని మార్చేసినందుకు. మెక్సికన్ అమెరికన్ల కోసం కోర్టుల్లో గొంతు చించుకున్న మనిషిని ఎక్కడో పసిఫిక్ దీవులవాడిగా రాస్తే ఊరుకుంటాడా? చివరికి తన పేరు, థాంప్సన్‌తో కలిసి దిగిన ఫొటో పుస్తకం అట్ట మీద ఉండాలన్న షరతుతో ఒప్పుకున్నాడు. రెండేళ్లకు, 1974లో, మెక్సికోలో కనిపించకుండా పోయాడు. ఏమయ్యాడో ఈనాటికీ తేలలేదు.

ఆ పుస్తకం చదివినవాళ్లందరికీ గుర్తుండే చోటు మొదటి భాగం ఎనిమిదో అధ్యాయం చివర ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో అరవయ్యో దశకం నడిమి రోజులను, ఒక తరం ఆశ అలలా ఎక్కడిదాకా ఎగసి ఎక్కడ వెనక్కి తగ్గిందన్నదాన్ని కథకుడు నెమరేసుకునే చోటది. అక్కడ ఒక్కసారిగా మత్తు దిగిపోయిన గొంతు వినిపిస్తుంది. పుస్తకానికి ప్రాణం ఆ గొంతే. జరుగుతున్నప్పటి పిచ్చికీ జరిగిపోయాక రాసే మనిషికీ మధ్య ఉన్న ఆ దూరాన్ని కెమెరా పట్టుకోగలదా?

పాతికేళ్ల పాటు హాలీవుడ్ ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. స్కోర్సెసీ, ఆలివర్ స్టోన్ ప్రయత్నించి వదిలేశారు. 1980లో బిల్ మర్రే థాంప్సన్‌గా వేసిన ‘వేర్ ద బఫెలో రోమ్’ నిలబడలేదు. ఈలోగా ఇదే కోవకు చెందిన వేరే పుస్తకాలు తెరకెక్కి ప్రేక్షకులను ముందే రెండుగా చీల్చాయి. విలియం బరోస్ ‘నేకెడ్ లంచ్’ 1959లో పారిస్‌లో అచ్చయి, మసాచుసెట్స్‌లో అశ్లీలం కేసు ఎదుర్కొని, 1966లో అక్కడి అత్యున్నత న్యాయస్థానంలో గెలిచిన పుస్తకం. 1991లో డేవిడ్ క్రోనెన్‌బర్గ్ తెలివైన పని చేశాడు. పుస్తకాన్ని తీయకుండా, ఆ పుస్తకం రాయడమనే బాధను తీశాడు. టైపు మిషన్లు పురుగులుగా మారి మాట్లాడతాయి. పుస్తకంలోని అశ్లీలం ఎక్కడికి పోయిందని కొందరు పాఠకులు అలిగారు. 1996లో ఇర్విన్ వెల్ష్ నవల ‘ట్రెయిన్‌స్పాటింగ్’ను డానీ బాయిల్ పరుగులు పెట్టిస్తూ తీస్తే, అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న బాబ్ డోల్ అది హెరాయిన్‌కు వన్నెలద్దుతోందని ప్రసంగాల్లో విరుచుకుపడ్డాడు. ఆయన సినిమా చూడనేలేదు! థాంప్సన్ పుస్తకం తెరమీదికి వచ్చేనాటికి గాలి అలా ఉంది.

హక్కులు సంపాదించి పట్టు వదలకుండా నిలబడిన నిర్మాత లైలా నబుల్సీ. ముందు దర్శకుడిగా అలెక్స్ కాక్స్ వచ్చి, టాడ్ డేవీస్‌తో కలిసి స్క్రిప్టు రాశాడు. ఎనిమిదో అధ్యాయంలోని ఆ అల ఘట్టాన్ని యానిమేషన్‌గా చూపిద్దామని థాంప్సన్ ఇంటికి వెళ్లి చెప్పాడు. థాంప్సన్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ఆ గొడవంతా ‘బ్రేక్‌ఫస్ట్ విత్ హంటర్’ అనే డాక్యుమెంటరీలో రికార్డయి ఉంది. రచయిత తన మాటలు కార్టూను కాకూడదని కొట్లాడుతుంటాడు, దర్శకుడికి ఆ మాటల బరువు అందదు. అది చూస్తే నాకు థాంప్సన్ పక్షాన నిలబడాలనే అనిపిస్తుంది.

కాక్స్ వెళ్లిపోయాక టెర్రీ గిలియమ్ వచ్చాడు. 1967లో అమెరికా వదిలి ఇంగ్లండు చేరిన అమెరికన్ అతను. టోనీ గ్రిసోనీతో కలిసి ఎనిమిది రోజుల్లో స్క్రిప్టు రాసి, నచ్చక మళ్లీ దిద్దుకున్నాడు. రచయితల సంఘం మాత్రం పాత స్క్రిప్టువాళ్ల పేర్లు కూడా పడాల్సిందేనంది. గిలియమ్ తన సభ్యత్వ కార్డును నలుగురిలో తగలబెట్టాడు. డ్యూక్ వేషానికి జానీ డెప్ కొలరాడోలో థాంప్సన్ ఇంటి నేలమాళిగలో మకాం పెట్టి నడక, మాట, సిగరెట్ హోల్డరు పట్టే తీరు ఒంటబట్టించుకున్నాడు. అతని తల గొరిగింది థాంప్సనే, వేసుకున్నవి థాంప్సన్ పాత బట్టలే. డాక్టర్ గొంజో వేషానికి బెనీసియో డెల్ టోరో నలభై పౌన్లకు పైగా బరువు పెరిగాడు.

కెమెరామన్ నికోలా పెకొరీనీ చేసిన పని దగ్గర ఆగాలి. మత్తులన్నిటినీ ఒకేలా మసక మసకగా చూపించే పాత పద్ధతిని అతను పక్కన పెట్టి, ఒక్కో పదార్థానికి ఒక్కో చూపు కట్టాడు. ఈథర్ పీల్చినప్పుడు దగ్గరా దూరం పట్టు తప్పుతాయి. మెస్కలిన్‌కు రంగులు ఒకదానిలోకి ఒకటి కరిగిపోతాయి. ఎల్‌ఎస్‌డీకి చాలా వెడల్పాటి లెన్సు, అడ్రినోక్రోమ్‌కు గోడలు దగ్గరికొచ్చి మూసుకుపోయే ఇరుకు. హోటల్ బారులో జనం బల్లులుగా మారే సన్నివేశానికి రాబ్ బోటిన్ చేసిన తొడుగులు ఏడో ఎనిమిదో. వాటినే చోట్లు మార్చి మార్చి తీసి గది నిండా ఉన్నట్టు కలిపారు. కాసినోలు తెల్లవారుజామున రెండింటి నుంచి ఆరింటి వరకే షూటింగుకు ఒప్పుకున్నాయి. 1971 నాటి వేగాస్ వీధులు అప్పటికే మాయమైపోయాయి గనుక ఒక పాత టీవీ సీరియల్ కోసం తీసిన వీధి దృశ్యాలను కారు వెనకాల తెరమీద ఆడించారు. గిలియమ్‌ను బొమ్మల పిచ్చివాడని కొట్టిపారేసేవాళ్లు ఈ శ్రమను చూడాలి. వెగటు పుట్టించడానికి కూడా ఇంత పద్ధతి కావాలి.

1998 మేలో కాన్స్ చిత్రోత్సవం పోటీలో సినిమా ఆడింది. ఆ ఏడు జ్యూరీ అధ్యక్షుడు ఒకప్పుడు ఈ పుస్తకాన్ని తీయబోయిన స్కోర్సెసీయే. బహుమతి ఏదీ రాలేదు. మే 22న, ‘గాడ్జిల్లా’ దిగిన రెండు రోజులకే, అమెరికాలో విడుదలైంది. ఖర్చు కోటీ 85 లక్షల డాలర్లు, అక్కడి వసూళ్లు కోటీ ఆరు లక్షలు. ఫిర్యాదు దాదాపు ఒక్కటే: కథ కదలడం లేదు, మత్తు తర్వాత మత్తు, వాంతి తర్వాత వాంతి. ‘న్యూయార్క్ టైమ్స్’లో స్టీఫెన్ హోల్డెన్ మరో మాట అన్నాడు. బొమ్మలు ఎంత కచ్చితంగా కట్టినా థాంప్సన్ వాక్యంలోని కరకుదనానికి సాటిరావని. అది సరైన మాట. చదివేటప్పుడు వాక్యం మనకు తోడుంటుంది, ఆ పిచ్చి నుంచి కాస్త ఎడంగా నిలబెడుతుంది. థియేటర్లో ఆ తోడు లేదు, రెండు గంటలు ఆ గదిలోనే మనల్ని పెట్టి తలుపు వేస్తారు.

కానీ అదే ఈ సినిమా నిజాయితీ అని నా అభిప్రాయం. దానికి రుజువు నార్త్ వేగాస్ హోటల్ సన్నివేశం. అర్ధరాత్రి దాటాక ఖాళీగా ఉన్న కాఫీ హోటల్. ఎలెన్ బార్కిన్ సర్వర్. డాక్టర్ గొంజో ఒక చిట్టీ మీద అసభ్యంగా రాసి ఆమెకు అందిస్తాడు. ఆమె తిరగబడుతుంది, పోలీసులను పిలుస్తానంటుంది. అతను కత్తి తీసి ఫోను తీగ కోసేస్తాడు. ఆమె మొహం మారిపోతుంది. వెనక పాట లేదు, వంకర లెన్సు లేదు, బల్లులు లేవు. డ్యూక్ నోరు మెదపడు. కౌంటర్ దగ్గర కూర్చుని చూస్తాడంతే. అప్పటిదాకా నవ్విన ప్రేక్షకుడికి తను ఎవరితో కలిసి నవ్వాడో అక్కడ అర్థమవుతుంది. ఈ సినిమా మత్తును పొగిడిందనేవాళ్లు ఈ నాలుగు నిమిషాలకు జవాబు చెప్పాలి. దీన్ని సరదా సినిమాగా స్నేహితుల మధ్య పెట్టుకుని చూసేవాళ్లు కూడా చెప్పాలి.

ఆ రెండో రకం ప్రేక్షకులు పుట్టింది వీడియో, డీవీడీలతో. థియేటర్లో లేచిపోయే వీలొక్కటే ఉంది, ఇంట్లో ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూసే వీలుంది. 2003లో క్రైటీరియన్ సంస్థ గిలియమ్, డెప్, డెల్ టోరో, నబుల్సీ, స్వయంగా థాంప్సన్ వ్యాఖ్యానాలతో డీవీడీ తెచ్చాక దాని అంతస్తు మారిపోయింది. అమెరికా కాలేజీ గదుల గోడల మీదికి పోస్టరుగా ఎక్కింది. టోపీ, పసుపు కళ్లద్దాలు, సిగరెట్ హోల్డరు ఒక వేషమైపోయాయి. ఆ వేషంలో 1970 ఎక్కడా లేదు. 2006లో రిచర్డ్ లింక్‌లేటర్ ‘ఎ స్కానర్ డార్క్‌లీ’ తీసినప్పుడు, ఫిలిప్ కె. డిక్ నవల చివర మత్తుకు బలైన తన స్నేహితుల పేర్లు రాసుకున్న పుటను సినిమా చివర ఉంచాడు. గిలియమ్ సినిమాకు అలాంటి పుట ఒకటి అవసరం.

సినిమా మొదట్లో యుద్ధ వ్యతిరేక ప్రదర్శనల పాత ఫుటేజీ కాసేపు కనిపిస్తుంది. అల ఘట్టాన్ని డెప్ గొంతుతో, టైపు మిషన్ ముందు కూర్చోబెట్టి, ఉన్నది ఉన్నట్టు వినిపించారు. కార్టూను చేయలేదు. ఆ రెండు చోట్లా గిలియమ్ దారి తప్పలేదు. సాలజార్ పేరు మాత్రం ఎక్కడా లేదు. డాక్టర్ గొంజో ఏ కోర్టులో ఎవరి కోసం వాదిస్తాడో ఒక్క మాట లేదు. అలా చూస్తే ఈబర్ట్‌కు కనిపించిన దారీ తెన్నూ లేనితనం అబద్ధం కాదు. దారి ఉంది, అది తూర్పు లాస్ ఏంజెలెస్ నుంచి మొదలవుతుంది, తెరమీద ఆ ఊరు లేదు. అమెరికన్ కల గురించి ఇద్దరు తెలివైన మనుషులు పడిన నిరాశగా సినిమాను చూసేవాళ్లు ఆ ఊరిని తమ జ్ఞాపకంలోంచి తెచ్చి కలుపుకుంటున్నారు.

అకోస్టా తన కథను తనే చెప్పుకున్నాడు. ‘ది ఆటోబయోగ్రఫీ ఆఫ్ ఎ బ్రౌన్ బఫెలో’ 1972లో, ‘ది రివోల్ట్ ఆఫ్ ది కాక్రోచ్ పీపుల్’ 1973లో వచ్చాయి. రెండో దానిలో సాలజార్ చావు మారుపేరుతో కనిపిస్తుంది. 2018లో అమెరికా ప్రజా ప్రసార సంస్థ పీబీఎస్‌లో ‘ది రైజ్ అండ్ ఫాల్ ఆఫ్ ది బ్రౌన్ బఫెలో’ అనే చిత్రం ప్రసారమైంది. దర్శకుడు ఫిలిప్ రోడ్రిగెజ్. అకోస్టా వాదించిన కేసులు, చికానో ఉద్యమం, షెరిఫ్ ఎన్నిక, థాంప్సన్‌తో తగువు అందులో ఉన్నాయి. దాని నిర్మాణంలో బెనీసియో డెల్ టోరో కూడా భాగస్వామి. అప్పటికి ఇరవై ఏళ్ల కిందట పొట్ట పెంచుకుని, కత్తి పట్టుకుని, అకోస్టా పేరు లేని సమోవన్‌గా నటించిన మనిషి.