హెడ్‌లైటు బల్బు ఎంపిక: భిలాయి రోడ్లకు తగినది

కారు ముందు దీపంలో వెలుగు పుట్టేది బల్బులో. ఆ వెలుగును రోడ్డు మీదికి మలిచేది దాని వెనకున్న రిఫ్లెక్టరు, కొన్ని కార్లలో ప్రొజెక్టరు. పాత బల్బు మాడిపోతే కొత్తదాన్ని ఎంచుకోవడానికి చూడవలసినవి రకం, వోల్టేజి, వాట్లు. ఈ మూడూ కారు కంపెనీ పెట్టినవే ఉండాలి. వెలుగు ఎంత ఎక్కువ ఉందన్నది ఆ తర్వాతి మాట. ముందు అది ఎక్కడ పడుతోందో చూడాలి.

భిలాయి ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన సెక్టార్లలో వీధి దీపాలున్నాయి కాబట్టి లోపలి రోడ్ల మీద హెడ్‌లైటు లోపం బయటపడదు. రాయ్‌పూర్ నుంచి దుర్గ్ మీదుగా నాగ్‌పూర్ వైపు సాగే జి.ఇ. రోడ్డు ఎక్కితే తెలుస్తుంది. ఇప్పుడది 53వ నంబరు జాతీయ రహదారి. ఎదురుగా లారీలు, పక్కన రాత్రి పది గంటల షిఫ్టు మారే వేళ సైకిళ్ల మీద, స్కూటర్ల మీద వచ్చిపోయే కార్మికులు, వానాకాలంలో పొడి చోటు వెతుక్కుని రోడ్డు మీద పడుకునే పశువులు, డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజాము మంచు. సంక్రాంతికి శ్రీకాకుళం, విజయనగరం వైపు కారులో బయలుదేరే భిలాయి తెలుగు కుటుంబాలు జగదల్‌పూర్ దారి పడితే కేశ్‌కాల్ ఘాటు, ఆపైన కోరాపుట్, సాలూరు ఘాట్లు దాటాలి. వాళ్లకు మంచి హెడ్‌లైటు తప్పనిసరి అవసరం.

మన చిన్న కార్లలో ఎక్కువగా కనిపించేది హెచ్4 బల్బు. ఇందులో రెండు ఫిలమెంట్లుంటాయి: హై బీముకు 60 వాట్లు, డిప్పుకు 55 వాట్లు. డిప్పు ఫిలమెంటు కింద ఒక చిన్న లోహపు దొన్నె ఉంటుంది. వెలుగు రిఫ్లెక్టరు కింది సగం మీద పడకుండా అది అడ్డుకోవడం వల్లనే ఎదుటివాడి కళ్లకు తగలకుండా వెలుగు పైఅంచున తెగే గీత, అంటే కోసుగీత, ఏర్పడుతుంది. హై, డిప్పు వేరువేరు గదుల్లో ఉండే కార్లలో హెచ్7, హెచ్1, హెచ్11, హెచ్‌బీ3 వంటి ఒంటి ఫిలమెంటు రకాలు వస్తాయి. వాటి అడుగులు ఒకదానికొకటి సరిపోవు, బలవంతంగా తొడగకూడదు. కారు పుస్తకంలోనూ పాత బల్బు అడుగు మీదా రకం రాసి ఉంటుంది.

లారీలు ఎక్కువ తిరిగే ఊళ్లో ఒక జాగ్రత్త అదనం. లారీలకు వాడే 24 వోల్టుల 75/70 వాట్ల బల్బు చూడ్డానికి అచ్చం కారు హెచ్4 లాగే ఉంటుంది, అదే హోల్డరులో కూర్చుంటుంది. కారులో పెడితే దీపం గుడ్డిగా ఎర్రగా వెలుగుతుంది. కొనేటప్పుడు అడుగు మీద 12 వోల్టులని ఉందో లేదో చదవాలి. వలయంలో ఇంగ్లీషు ‘ఇ’ అక్షరం, పక్కన ఒక అంకె ఉంటే అది ఐక్యరాజ్యసమితి 37వ నిబంధన ప్రకారం ఆమోదం పొందిన బల్బు. హెచ్4కు ఆ నిబంధన పెట్టిన కొలత 13.2 వోల్టుల దగ్గర హై బీములో 1650 ల్యూమెన్లు, డిప్పులో 1000 ల్యూమెన్లు, ఇందులో 15 శాతం అటూ ఇటూ.

వెలుగు చాలదనిపించగానే చాలామంది అడిగేది 100/90 వాట్ల బల్బు. ఇది తప్పుడు మందు. మామూలు హై బీముకు రెండు దీపాలూ కలిసి 10 ఆంపియర్లు తీసుకుంటే, ఇది దాదాపు 17 తీసుకుంటుంది. సన్న వైర్లు వేడెక్కుతాయి, హోల్డరు కరుగుతుంది, స్విచ్చి మాడుతుంది, రిఫ్లెక్టరు పూత పోతుంది. నిజానికి పాత కార్లలో అసలు రోగం వేరే చోట ఉండవచ్చు. తుప్పుపట్టిన ఎర్తు, అరిగిన కనెక్టర్ల వల్ల బల్బుకు 13.2 బదులు 12 వోల్టులే అందితే వెలుగు పావు వంతుకు పైగా తగ్గిపోతుంది. దానికి మందు బ్యాటరీ నుంచి నేరుగా రిలే ద్వారా మంచి వైరు వేయించడం. హెడ్‌లైటు ముందుండే డూము ప్లాస్టిక్ ఎండకు పచ్చబడి మసకబారితే పాలిష్ చేయించాలి. కొత్త బల్బు కొనేముందు ఈ రెండూ చూపించుకోవాలి. 60/55 వాట్లలోనే ఎక్కువ వెలుగిచ్చే ఖరీదైన బల్బులూ దొరుకుతాయి. అవి మంచివే, కానీ తొందరగా మాడతాయి.

హాలోజన్ హోల్డరులో తొడిగే ఎల్‌ఈడీ బల్బుల విషయంలో కచ్చితంగా చెప్పాలి: ఎదురు లారీ డ్రైవరు కళ్లు మూసుకునేలా చేసే దీపాల్లో వీటి పాలు పెద్దది. రిఫ్లెక్టరు లెక్క సన్నని ఫిలమెంటు ఉండే చోటును బట్టి, అది చుట్టూ వెదజల్లే వెలుగును బట్టి కట్టింది. ఎల్‌ఈడీ చిప్పులు మందమైన పలకకు రెండు వైపులా ఉంటాయి. చోటు కాస్త మారినా కోసుగీత చెదిరి వెలుగు పైకి ఎగజిమ్ముతుంది. కారు ముందర తెల్లగా మెరిసి బాగా కనబడుతున్నట్టు భ్రమ కలుగుతుంది, దూరాన నల్లటి గేదె మాత్రం కనపడదు. ఫ్యాక్టరీలో ఎల్‌ఈడీ కోసమే చేసిన హెడ్‌లైటుకు ఈ అభ్యంతరం లేదు. జర్మనీలో 2020 నుంచి కొన్ని మార్పిడి ఎల్‌ఈడీలను అనుమతించారు, అదీ పరీక్షించిన కారు నమూనాలకే. మన కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 106వ నియమం ప్రకారం ఎనిమిది మీటర్ల దూరంలో, నేల నుంచి ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉన్న కన్నుకు ముందు దీపం మిరుమిట్లు గొలపకూడదు.

నీలిపూత బల్బుల్లో ఆ పూతే కొంత వెలుగును మింగేస్తుంది. మంచులో పసుపు దీపం బాగా దూసుకుపోతుందన్న నమ్మకం ఫ్రాన్సులోనూ ఉండేది. అక్కడ 1993 దాకా పసుపు హెడ్‌లైట్లే ఉండేవి. మంచు బిందువులు కాంతి తరంగాల కంటే చాలా పెద్దవి కాబట్టి రంగుతో పెద్ద తేడా రాదు. మంచులో డిప్పు వేసుకుని వేగం తగ్గించడమే దారి.

బల్బు తొడిగేటప్పుడు గాజును చేత్తో ముట్టుకోకూడదు. వేలి జిడ్డు ఉన్నచోట గాజు అతిగా వేడెక్కి దెబ్బతింటుంది. ముట్టుకుంటే స్పిరిటుతో తుడవాలి. వెనక రబ్బరు మూత సరిగ్గా బిగించకపోతే దుమ్ము, తేమ లోపలికి చేరి రిఫ్లెక్టరు పాడవుతుంది. రెండు వైపులా ఒకేసారి మార్చితే వెలుగు సమానంగా ఉంటుంది. తర్వాత చదునైన నేల మీద గోడకు పది మీటర్ల దూరంలో కారు నిలిపి డిప్పు వేయండి. గోడ మీది కోసుగీత సాధారణంగా దీపం ఎత్తు కంటే సుమారు 10 సెంటీమీటర్లు కింద ఉండాలి. పండుగ సామానుతో డిక్కీ నిండితే ముక్కు పైకి లేస్తుంది. హెడ్‌లైటు ఎత్తు మార్చే చక్రం మీ కారులో ఉంటే దాంతో వెలుగును కిందికి దించి పెట్టండి. ఊరికి బయలుదేరే ముందు డాష్‌బోర్డు అరలో అదే రకం బల్బు ఒకటి, సరైన ఫ్యూజు ఒకటి, శుభ్రమైన నూలు గుడ్డ ఒకటి పెట్టుకోండి.