పోటు, పాటు, మా రత్నకోడు

కృష్ణ పుట్టిన మహాబలేశ్వరం కొండల నుంచి పడమటి సముద్రం 64 కిలోమీటర్లే. ఆ దగ్గరి దారి వదిలేసి దాదాపు 1400 కిలోమీటర్లు నడిచి, మా పాలకాయతిప్ప పక్కన తూర్పు సముద్రంలో కలుస్తుంది. అంతా నేల వాలు. పడమటి కనుమల శిఖరానికి ఇవతల పడ్డ చినుక్కి మరో దారి లేదు. భీమ, తుంగభద్ర, మూసీ, మునేరు అన్నీ ఆ వాలు పట్టుకొచ్చినవే. రెండున్నర లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడిన నేల మీది వాన బెజవాడ కొండల మధ్య సందులోంచి దూరి రావాలి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దాటిన నీరు 11 లక్షల క్యూసెక్కుల పైమాటే.

బెజవాడ దాటాక లెక్క తిరగబడుతుంది. అంతదాకా నేల ఏటికి నీళ్లిస్తుంది. ఇక్కడ ఏరే నేలను పోసింది. వరద పొర్లినప్పుడల్లా ఒండ్రు ఒడ్డు పక్కనే ఎక్కువ పడి అది మెరకయింది, దూరం పోయేకొద్దీ పల్లం. అందుకే మా చేలల్లో పడ్డ వాన పక్కనే ఉన్న కృష్ణలోకి పోదు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక పంట కాలువలు మెరక మీద, మురుగు కాలువలు పల్లంలో సాగాయి. గుడివాడ వైపు మురుగులో చాలా భాగం కొల్లేరు చేరి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. మా దివిసీమ మురుగుకు రత్నకోడు లాంటివే గతి. కోడు అంటే మా వైపు చిన్న పాయ. చిత్రమేమంటే, పులిగడ్డ దగ్గర చీలిన కృష్ణ పాయలు మమ్మల్ని చుట్టుకునే ఉన్నా, పంటకు నీళ్లు ఒక పాయ మీదుగా కట్టిన అక్విడెక్టులో రావాలి!

వచ్చే నీటికి ఇంత ఏర్పాటుంది. పోయే నీటికి సముద్రం దయ. పాటున, అంటే సముద్రం తగ్గినప్పుడు, కోడు లాగుతుంది. పోటు మీదుంటే చేలో నీరు చేలోనే. వాయుగుండం నాడు వానా పోటూ ఒకేసారి పట్టుకుంటే వరి దుబ్బులు కుళ్లేదాకా కట్ట మీద కూర్చుని చూడాల్సిందే. 1977 నవంబరు 19 ఉప్పెన నాడు సముద్రం కోడులనూ కట్టలనూ లెక్కచేయలేదు, నేల మీదుగానే నడిచొచ్చింది.

మాఘ పౌర్ణమికి హంసలదీవి సంగమ స్నానానికి వచ్చేవారికి ఒక మనవి. పాటు వేళ ఏదైనా కోడు మొగ దగ్గర పావుగంట ఆగండి. దివిసీమ చేల నీరు ఎటు పోతోందో అక్కడ కనిపిస్తుంది.